కొత్త ఫ్రెంచ్ కామిక్స్: ఏది ముందు చదవాలి?

ప్రశ్న: రెండేళ్లుగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. పాఠాలు అర్థమవుతున్నాయి కానీ, కొత్తగా వచ్చిన కామిక్స్ కొంటే సగం కథ కూడా బోధపడటం లేదు. ఏవి ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఫ్రెంచ్ కామిక్స్‌ను 'బేదే' అంటారు. వీటిలో ఉండేది వాడుక భాష. పుస్తకంలో 'జ న సే పా' (నాకు తెలియదు) అని నేర్చుకున్న మాట, పాత్రల నోట 'షే పా' అయిపోతుంది. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. రెండో కారణం, చాలా ఆల్బమ్‌లు (కామిక్ పుస్తకాలు) ధారావాహికలో ఒక భాగం మాత్రమే. అట్ట మీద 'తోమ్ 3' అని ఉంటే అది మూడో భాగం. ముందు రెండూ చదవక తప్పదు. 'వన్ షాట్' అంటే ఒక్క పుస్తకంతో ముగిసే కథ. 'ఎంతెగ్రాల్' అంటే పాత భాగాలను కలిపి వేసిన సంపుటి, కొత్త కథ కాదు.

కొత్తవాళ్లకు అందరూ 'ఆస్టెరిక్స్' కామిక్స్ ధారావాహికనే చెబుతారు. 2025 అక్టోబరులో వచ్చిన 41వ ఆల్బమ్ లుసితానియాలో, అంటే నేటి పోర్చుగల్ ప్రాంతంలో, నడుస్తుంది. ఏ ఆల్బమ్‌కు ఆ కథ విడిగా ఉన్నా, పేర్లలోని శ్లేషలు మాత్రం కొరుకుడు పడవు. అంతకంటే కామిక్స్ రచయిత రియాద్ సత్తూఫ్ బొమ్మల ఆత్మకథ 'లారాబ్ ద్యు ఫ్యుత్యూర్' నయం. 2014–2022 మధ్య ఆరు భాగాలుగా వచ్చింది. పిల్లవాడి చూపుతో సాగే చిన్న వాక్యాలు; కథ నడిచే దేశాన్ని బట్టి పేజీల రంగు మారుతుంది, ఫ్రాన్స్ నీలం, లిబియా పసుపు.

ఏ పుస్తకం తీసుకున్నా, మొదటిసారి బొమ్మలు మాత్రమే చూడాలి. రెండోసారి మాటలు పైకి చదవాలి. నిఘంటువు మూడోసారికే. పేజీకి పదికి మించి తెలియని మాటలు తగిలితే ఆ పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిది. పైకి చదివినా సంభాషణ అంతుపట్టకపోతే, ఆ పేజీలతో ఫ్రెంచ్ ఉపాధ్యాయులను నేరుగా కలవాలి.