విశ్రాంతి దినము

ఆదివారము సెలవుదినమని గోదావరీ మండలమున నెరుగనివారు లేరు. ఆనాడు రాజమహేంద్రవరములో కచేరీలును పాఠశాలలును మూయబడియుండును. క్రైస్తవ దేవాలయములలో గంటలు మ్రోగును. ఈ సెలవు మనకెట్లు వచ్చెనని యెవరైన నడిగిన, ఆంగ్లేయుల మతముతో వచ్చినదని చెప్పి యూరకుందుము. దీనికి మూలమైన విశ్రాంతి దినమును గూర్చి బైబిలు గ్రంథమేమి చెప్పుచున్నదో, అందు మనము గ్రహింపదగినదేదియో మేమిచ్చట విచారింపదలచితిమి.

హీబ్రూ భాషలో ఈ దినమునకు షబ్బాత్ అని పేరు. మానుట, చాలించుట యని ఆ మాటకు మూలార్థము. ఇది వారములో నేడవ దినము, అనగా శనివారము. మనకు వారము సూర్యోదయముతో మారును. యూదులకు సూర్యాస్తమయముతో మారును. కావున శుక్రవారము సాయంకాలము మొదలు శనివారము సాయంకాలమువరకు వారు దీనిని పాటింతురు. క్రైస్తవులు క్రీస్తు పునరుత్థానమును స్మరించి ఆదివారమున కూడుచు వచ్చిరి. 321వ సంవత్సరమున రోమక చక్రవర్తి కాన్‌స్టంటైను ఆనాడు న్యాయాధిపతులును పట్టణవాసులును విశ్రమింపవలెనని శాసించి, సేద్యగాండ్రకు మాత్రము పనిచేయుటకు అనుజ్ఞ యిచ్చెను. ఈ మినహాయింపును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

పదియాజ్ఞలు బైబిలునందు రెండు తావుల గలవు. విశ్రాంతిని గూర్చిన యాజ్ఞ రెంటను ఒక్కటియే; చెప్పబడిన కారణములు వేరు. నిర్గమకాండము ఇరువదవ యధ్యాయమున, దేవుడు ఆరు దినములలో సృష్టిని ముగించి యేడవనాడు విశ్రమించెను గావున మనుష్యుడును విశ్రమింపవలెనని యున్నది. ద్వితీయోపదేశకాండము అయిదవ యధ్యాయమున సృష్టి ప్రసక్తి లేదు. ఇశ్రాయేలీయులు తాము ఐగుప్తులో దాసులుగ నుండిన సంగతి మరువక, తమ దాసదాసీజనమును విశ్రమింపనీయవలెనని యున్నది. మొదటి కారణము భగవంతుని జూపుచున్నది. రెండవది యజమానునికి వాని పూర్వదుఃఖమును జ్ఞప్తికి దెచ్చుచున్నది.

ఈ యాజ్ఞ యజమానునితో ముగియలేదు. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి యని వరుసగా లెక్కించినది. దున్నుకాలమునను కోతకాలమునను సైతము ఈ నియమము తప్పరాదని నిర్గమకాండమే మరియొక చోట విధించినది. చక్రవర్తి శాసనము ఎవరిని విడిచిపెట్టెనో వారినే ప్రాచీన ధర్మము ముందుగా తలచెను. ఏడవనాడు ఎప్పుడు గడచునా, ధాన్యమును తప్పుకొలతలతో ఎప్పుడమ్ముదుమా యని వేగిరపడు వర్తకులను ఆమోసు ప్రవక్త నిందించెను. ఏసుక్రీస్తు ఆ దినముననే రోగులను బాగుచేసి, దినము మనుష్యుని మేలునకై యేర్పడినదే కాని మనుష్యుడు దినమునకు దాసుడు కాడని బోధించెను.

శనివార నియమము తెలుగునాట లేనిది కాదు. నూజివీడులో గిఫర్డు స్మారక వైద్యశాలను 1925లో స్థాపించిన సెవెంత్ డే ఎడ్వెంటిస్టులు క్రైస్తవులయ్యును శనివారమునే పాటింతురు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమునగల కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిములను తెలుగు కుటుంబములవారు తాము ఇశ్రాయేలు సంతతివారమని నమ్మి యూదాచారములను కైకొనిరి. వారిలో పలువురు వ్యవసాయ కూలీలు. ఉద్యోగికి సెలవు జీతముతో గూడినది. దినకూలికి ఒకనాటి విరామము ఒకనాటి కూలి. విశ్రాంతి దినము యొక్క నిజమైన వెల వానికే తెలియును.

మనకును విరామదినములు గలవని కొందరందురు. సత్యమే. కోనసీమ అగ్రహారములలో వేదపాఠకులకు అష్టమి, చతుర్దశి మున్నగు తిథులు అనధ్యయనములు. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. ఆనాడు ఎద్దులకు కాడి గట్టక, కడిగి, పూజింతురు. కాని ఆ యెద్దులను కడుగువాడెవడు? పండుగ గారెలు వండువారెవరు? అనధ్యయనము విద్యార్థికి, కనుమ యెద్దునకు విశ్రాంతి నొసగినవి. పాలేరును వంటయింటి స్త్రీయు మిగిలిపోయిరి. బైబిలు పట్టికలోను భార్య పేరు లేదు. గృహస్థునితో నామెయు చేరినదని వ్యాఖ్యాతలు సమాధానము చెప్పుదురు. వితంతువుల కన్నీరు తుడుచుటకై 1881లో వీరేశలింగము పంతులుగారు తొలి పునర్వివాహము జరిపించిన యీ పట్టణమున, ఆ సమాధానముతో తృప్తిపడుట మనకు తగదు.

ఆదివారపు సెలవైనను దొరల దానము మాత్రమే కాదు. బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే 1884 మొదలు మిల్లు పనివారి పక్షమున పాటుపడగా, 1890లో వారికది లభించెను. పొలము పనివారికి వారమునకొకనాడు కూలితో గూడిన విశ్రాంతి నేర్పరుపవచ్చునని చట్టము పలుకుటకు 1948 వరకు పట్టెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినపిదప మన భూములు పండినవి. ఆ పంటకు వంగిన నడుములకు విశ్రాంతి మాత్రము అన్నిటికంటె కడపట వచ్చినది.

చదువరులారా! ఏ దినము శ్రేష్ఠమను వాదమును పండితులకు విడిచిపెట్టుదము. మన యింట వంట చేయువారికిని, అంట్లు తోమువారికిని, కారు నడుపువారికిని, కావలి కాయువారికిని వారములో నొకదినము, జీతము కోయకుండ, విడుపు గలదా? అరణ్యమున ఇశ్రాయేలీయులు ఆరవనాడే రెండు దినముల యాహారము కూర్చుకొనిరని నిర్గమకాండమున నున్నది. ముందునాడే యేర్పాటు చేసికొన్నచో మన యిండ్లలోను పొయ్యి యొకపూట చల్లారియుండవచ్చును. లేనిచో ఆ పూట పురుషులే వండుదురు గాక. మనము విశ్రమించుట సుఖము; మన చేతిక్రింది వారిని విశ్రమింపనిచ్చుట ధర్మము. ఆ ధర్మము నెరవేరిన దినమే, అది శనివారమైనను ఆదివారమైనను, విశ్రాంతి దినము.