నాలుగు స్వరాలతో కీర్తన కట్టారు, మన బిట్ ఎందుకు ఆగిపోయింది?

గిటార్ మీద ఓ చిన్న బిట్ భలే కుదురుతుంది. దాన్ని భజనగా చేద్దామంటే రెండో లైన్ రాదు. కార్డ్ మీద కార్డ్ కలుపుతూ పోతాం, చివరికి ఆ మొదటి బిట్ అందమే పోతుంది. మీకూ ఇలా అయిందా?

1930లో కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి దారి వేరు. రాగానికి ఐదు స్వరాలైనా ఉండాలంటుంది సంప్రదాయం. ఆయన మహతి రాగాన్ని స, గ, ప, ని అనే నాలుగింటితోనే కట్టారు. మహతి అంటే నారదుడి వీణ పేరు. షడ్జమాన్ని ‘సి’లో పెట్టుకుంటే ఆ నాలుగూ మీ సి సెవెన్ కార్డ్ స్వరాలే! మనం ఒక్క స్ట్రోక్‌లో వాయించి వదిలేసే వాటిలోనే ఆయన పూర్తి కీర్తన చేశారు.

ఇవాళ ఇలా చేసి చూడండి.

1. గిటార్ పక్కన పెట్టి, బిట్‌ని నోటితో పాడండి.
2. దాని నడకలో ఒదిగే నామం ఒక్కటి పెట్టండి, రామా అనో గోవిందా అనో. అదే మీ పల్లవి.
3. కొత్త స్వరం కలపకుండా ఆ లైన్‌నే నాలుగు రకాలుగా తిప్పండి. వీటినే సంగతులంటారు.
4. అనుపల్లవిలో పై షడ్జమం దాకా వెళ్లి, మళ్లీ పల్లవికి దిగండి.

పాట ఆగిపోయిందంటే మన దగ్గర సరుకు లేదని కాదు. ఉన్నదాని దగ్గర కాసేపు కూర్చోలేదని, అంతే. జపం చేసేవాళ్లకి ఇది కొత్త కాదు కదా!