అంటువ్యాధుల ఆచూకీ – పంచాయతీల కర్తవ్యము

అంటువ్యాధి ఊరి పొలిమేరను ఎరుగదు. నగరమున పనిచేయువారు పండుగకు పల్లెకు వత్తురు. వారితో వ్యాధియు రావచ్చును. కావున వ్యాధి ఎచట తలయెత్తినది, ఎవరెవరికి సోకినది కనుగొనుట చికిత్స వలెనే ముఖ్యము.

హైటెక్ సిటీ నేర్పిన పాఠము

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు పల్లెలే. నేడచట హైటెక్ సిటీ వెలసి, వేలకొలది ఉద్యోగులు ఒకే కప్పు క్రింద పనిచేయుచున్నారు. 2020 మార్చి 2వ తేదీన తెలంగాణలో తొలి కోవిడ్ రోగిని గుర్తించిరి. ఆయన దుబాయి వెళ్ళివచ్చి, బెంగుళూరు నుండి బస్సులో హైదరాబాదు చేరిన యువ ఇంజనీరు. ఆయనను గాంధీ ఆసుపత్రిలో చేర్చి, ఇంటివారిని, తోటి ప్రయాణికులను, చికిత్సచేసిన సిబ్బందిని వెదకి పరిశీలనలో నుంచిరి.

రెండు దినములకే హైటెక్ సిటీలోని మైండ్‌స్పేస్ ప్రాంగణమున ఒక ఉద్యోగికి వ్యాధి సోకినదను అనుమానము కలిగెను. వదంతి వ్యాపించెను, ఉద్యోగులు ఇండ్లకు తరలిరి. నమూనాను పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపగా వ్యాధి లేదని తేలెను. అనుమానము కలిగినపుడు జాగ్రత్త వహింపవలసినదే. కాని నిర్ణయము ప్రయోగశాలది, వదంతిది కాదు.

సమాచారము చేరు విధము

2004లో కేంద్రప్రభుత్వము సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకమును ప్రారంభించినది. దీని క్రింద సమాచారము మూడు మార్గముల వచ్చును. గ్రామ ఆరోగ్య కార్యకర్త జ్వరము, విరేచనములు మున్నగు లక్షణములను తెలుపును. వైద్యాధికారి తాననుమానించిన వ్యాధిని తెలుపును. ప్రయోగశాల పరీక్షించి నిర్ధారించిన దానిని తెలుపును. ఒక ఊరిలో రోగుల సంఖ్య మామూలును మించినచో జిల్లా బృందము వచ్చి కారణమును శోధించును. 2021 నుండి ఈ వివరములు కంప్యూటరు ద్వారా వెనువెంటనే పై అధికారులకు అందుచున్నవి.

మురుగునీరు సైతము వార్త తెలుపును. 2020లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటిని పరీక్షించి, పరీక్షలలో బయటపడిన వారికంటె ఎన్నో రెట్లు అధికముగ ప్రజలకు కోవిడ్ సోకియుండునని అంచనా వేసిరి.

సభ్యులు చేయదగిన పనులు

డెంగీని వ్యాపింపజేయు దోమ పగటివేళ కుట్టును. ఇండ్లలో నిలువయున్న మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగా మారుటకు వారము, పది దినములు చాలును. కావున వారమున కొకనాడు తొట్లు, కుండలు, కూలర్లు ఖాళీచేయించి తోమి ఆరవేయింపుడు. పాత టైర్లను, కొబ్బరిచిప్పలను తొలగింపుడు. రక్షిత నీటి ట్యాంకును కడిగించి, క్లోరినును సరిగా కలిపించి, పగిలిన గొట్టములను వెంటనే బాగుచేయింపుడు. ఒకే వాడలో పలువురికి జ్వరము గాని, విరేచనములు గాని కనిపించిన, ఆనాడే ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపుడు.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. రోగిని వెలివేయు ఊరిలో రోగము దాగును. దాగిన రోగము పెరుగును. జబ్బుపడిన కుటుంబమునకు పాలు, నీరు, బియ్యము అందునట్లు చూచిన పంచాయతీయే వ్యాధిని ఆదిలో అరికట్టగలదు.