పాత డబుల్ బ్యారెల్‌కు రిపేరు ఖర్చు దండగేనా?

నాన్న పోయారు. తుపాకీ లైసెన్స్ ఆయన పేరున ఉంది. ముందు బాగు చేయించి, కాగితాలు తర్వాత చూసుకోవచ్చా?

కుదరదు. ఆ లైసెన్స్ ఆయనతోనే పోయింది. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరో జమ చేసి రసీదు తీసుకోండి. ఆ తర్వాత వారసుడిగా లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లాల్లో కలెక్టరుకు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనరుకు. మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉంటే బండి ఇక్కడే ఆగుతుంది. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు రెండు తుపాకులే పరిమితి. ఇప్పటికే రెండుంటే ఆలోచించుకోండి.

నాన్నగారు ఉండగానే నా పేరుకు మార్చుకోవచ్చా?

ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా 2016 ఆయుధాల నిబంధనల కింద అడగవచ్చు. ఇదే తేలిక దారి.

ఊళ్లో చేయి తిరిగిన కమ్మరి ఉన్నాడు. అతనికి ఇస్తే?

ఇవ్వకండి. తుపాకీ రిపేరుకు కూడా లైసెన్స్ ఉండాలని ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. గొట్టం కొస కోసి పొట్టి చేయించడం 6వ సెక్షన్ కింద మరో నేరం.

రిపేరుకు పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

గొట్టమే తేలుస్తుంది. బట్ పగిలినా, స్ప్రింగు విరిగినా, ట్రిగ్గరు పట్టేసినా చేయించుకోవచ్చు. ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, విప్పి, గొట్టాల్లోంచి వెలుగు వైపు చూడండి. లోతైన తుప్పు గుంటలు, ఉబ్బు, సొట్ట కనిపిస్తే అక్కడితో ఆశ వదులుకోవడం మేలని నా అభిప్రాయం. ముందు చెక్క తీసి, మూసి ఊపినప్పుడు గొట్టాలు కదిలితే బిగింపు అరిగినట్టు. అది బాగవుతుంది గానీ చవకగా కాదు. గొట్టం మీద అలల్లాంటి చారలుంటే అది డమాస్కస్ రకం. అలాంటివి చాలావరకు నల్ల తుపాకీమందు కాలానివి. నేటి తూటా వాటిలో పెట్టవద్దు.

ఇంకో చిక్కు ఉంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటి చాంబరు 65 మిల్లీమీటర్లు. నేటి తూటా తరచూ 70. విచిత్రమేమిటంటే 70 తూటా కూడా అందులో సాఫీగా దిగుతుంది, ఎందుకంటే ఆ కొలత పేలి మూతి విచ్చుకున్నాక తీసేది. విచ్చుకునే చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది. పట్టింది కదా అని పేల్చకండి. గొట్టం అడుగున ప్రూఫ్ ముద్రలు డీలరుతో చదివించండి.

పోటీల్లో దీన్ని అనుమతిస్తారా?

ఎగిరే మట్టి పళ్లేలను కొట్టే అంతర్జాతీయ ట్రాప్, స్కీట్ పోటీల నియమాలు 12 బోరు దాటని డబుల్ బ్యారెల్‌ను కాదనవు. తూటాలో రవ్వలు 24 గ్రాములే. అయితే గ్రాములు తగ్గాయని ఒత్తిడి కూడా తగ్గిందనుకోకండి. పోటీదారులు ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న బరువైన తుపాకులు వాడతారు. అడవిలో మోయడానికి చేసిన తేలిక తుపాకీతో 25 పళ్లేల రౌండ్లు వరసగా కొడితే భుజం ఒప్పుకోదు. సరదాగా కొట్టాలంటే బాగు చేయించండి. పతకమే గురి అయితే ఆ డబ్బు వేరే తుపాకీకి దాచండి.

గిట్టదని తేలితే అమ్మేయవచ్చా?

లైసెన్స్ మీ పేరున ఉంటే, కొనేవారికీ లైసెన్స్ ఉంటే అమ్మవచ్చు. ముందుగా ఎవరికి అమ్ముతున్నారో జిల్లా మేజిస్ట్రేటుకు లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి.