తోటలోనికి యాత్రికులు

ఏలూరునుండి రాజమహేంద్రవరమువైపు పోవు రైలెక్కి తాడేపల్లిగూడెములో దిగినవారికి, వెంకటరామన్నగూడెమున నున్న ఉద్యాన విశ్వవిద్యాలయము దూరము కాదు. 2007వ సంవత్సరమున స్థాపింపబడిన యీ విద్యాపీఠము నేడు డాక్టరు వై.యస్.ఆర్. పేర వ్యవహరింపబడుచున్నది. కొవ్వూరులో అరటి, నూజివీడులో మామిడి, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన స్థానములు దీనికి చెందినవే. ఇట్టి ప్రాంగణము ప్రకృతిని ప్రేమించు యాత్రికులకు దర్శనీయ స్థలము కాగలదా యని మేము విచారింపదలచితిమి.

పర్యావరణ పర్యాటకమన వేడుకకై తిరుగుట మాత్రము కాదు. చూడబోయినదానికి హాని కలుగరాదు. అచ్చటి జనులకు నాలుగు డబ్బులు ముట్టవలెను. విద్యాలయపు తోట యాత్రాస్థలమగుట క్రొత్త సంగతియు కాదు. ఇటలీ దేశమున పాడువా విశ్వవిద్యాలయమువారు వైద్య విద్యార్థులకు మూలికలు నేర్పుటకై 1545లో వేసిన తోటను లోకమంతయు నేటికిని పోయి చూచుచున్నది.

చాక్లెట్టు తినని పిల్లవాడు మనలో లేడు. కాని కోకోకాయ కొమ్మచివర గాక చెట్టు మ్రానునకే కాయునని యెందరెరుగుదురు? మన జిల్లాలలో కొబ్బరిచెట్ల నీడను ఆ చెట్లను పెంచుచున్నారు. మామిడిటెంకను పాతినచో తల్లిచెట్టు గుణము తప్పక వచ్చునను నమ్మకము లేదు గనుక అంటు కట్టుదురు. తినెడి అరటికి గింజ లేదు గనుక పిలక నాటుదురు. పుస్తకములో పది పుటలు చదివినను నిలువని యీ సంగతులు తోటలో గడియసేపు నిలిచిన మనస్సునకెక్కును.

అయినను ఒక చిక్కున్నది. అరటిని చంపు పనామా తెగులు మంటిలోని బూజువలన కలుగును. ఆ మన్ను చెప్పులకంటుకొని యొక తోటనుండి వేరొక తోటకు పోగలదు. వేయిమంది యాత్రికులు పరిశోధన మళ్లలో త్రొక్కులాడినచో ఏండ్ల శ్రమ ఒక్క దినమున చెడవచ్చును. కావున చూపుటకు వేరుగా కొంత తోట నేర్పరచి, పరిశోధన మళ్లను మూసియుంచుటయే తగునని మా యభిప్రాయము. ప్రవేశ రుసుమునకై ఆశపడి ఈ నియమమును సడలించుట కంటె యాత్రికులే లేకుండుట మేలు.

ఇందుకు కొల్లేరు మనకు దగ్గరి పాఠము. 1946లో కె.కె. నీలకంఠన్ అను ఆంగ్లోపాధ్యాయుడు పశ్చిమగోదావరి జిల్లాలో గూడబాతులు గూళ్లు కట్టు తావును కనుగొని, దానిని గూర్చి 1949లో వ్రాసెను. పిమ్మట ఆ గూళ్లు శూన్యమైనవి. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో సరస్సు రామ్‌సార్ పట్టిక కెక్కినది. అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సును క్రమ్మియుండెను. 2006లో ప్రభుత్వమువారు వానిని త్రెంపించినపుడు లంకగ్రామములవారు పడిన బాధ యింతింత గాదు. మొదటనే హద్దు నిలిపియుండినచో ఆ బాధ తప్పియుండెడిది. కైకలూరు చెంతనున్న ఆటపాకలో నేడు గూడబాతులను పడవలోనుండి చూడవచ్చును.

వెంకటరామన్నగూడెపు తోటను, ఆటపాక పక్షులను కలిపి రెండు దినముల యాత్రగా నేర్పరచినచో పడవవారికిని, అన్నము వండిపెట్టు ఊరివారికిని లాభము కలుగును. మన పాఠశాలవారు ఈ శీతకాలమున పోదలచినచో ముందుగా ఉత్తరము వ్రాసి అనుమతి పొందవలెను. ముప్పదిమందికి మించి పోరాదు. చెప్పులు కడుగుకొని తోటలో నడుగిడవలెను. పాటల పెట్టెలను ఇంటనే యుంచవలెను.