ఇల్లు నీ పేరు మీదే ఉండనీ

సోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగువాళ్లం తరతరాలుగా ఉన్నాం. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, కన్నా చౌక్. ఏ గల్లీలో ఆగినా కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో పాలమూరు నుంచో మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. మగవాళ్లు చాదర్ల, టవళ్ల కార్ఖానాల్లో చేశారు. ఆడవాళ్లం గడపలో చాట పెట్టుకుని బీడీలు చుట్టాం. నేనూ ఆ ఆడవాళ్లలో ఒకదాన్ని. మరాఠీ చదవడం, రాయడం నేర్చుకున్నందువల్ల, పెన్షన్ కాగితాలు, ఇంటి కాగితాలు పట్టుకుని అక్కచెల్లెళ్లు మా ఇంటికి వస్తుంటారు. కాగితం చదివించుకోవడానికి వచ్చినవాళ్లు కడుపులో ఉన్నదంతా చెప్పుకుని పోతారు. ఆ మాటల్లోంచి నాకు తెలిసివచ్చినవి ఇవి.

1. బతికున్నన్నాళ్లూ ఇల్లు నీ పేరు మీదే ఉండనీ

మా పెద్దలకు సొంత ఇల్లన్నదే లేదు. సేటు కార్ఖానాలోనే మగ్గం, అక్కడే పొయ్యి, అక్కడే పడక. పని పోతే ఆ రాత్రికి నీడ కూడా పోయేది. అందుకే 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ కార్మికులకు 10,000 ఇళ్లు లేచి, ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు అప్పగిస్తే మా పేటల్లో పండగే అయింది. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం మాస్టర్ ముందుండి ఏళ్ల తరబడి నడిపిన పోరాటం అది. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత వేస్తే, బీడీలు చుట్టిన పైసల్లోంచి మేం కొంత కట్టాం. ఆడమనిషి పేరున గోడలూ కప్పూ ఉండడం మా వంశాల్లో అప్పుడే మొదలు.

ఇప్పుడు ఆ ఇళ్ల మీద సంతకాలు అడుగుతున్నారు. లోన్ కావాలని ఒకరు, మేడ వేస్తామని ఒకరు, నువ్వు పోయాక తమ్ముడితో తగాదా రాకుండా ఇప్పుడే రాసెయ్యమని ఇంకొకరు. అడిగే బిడ్డ చెడ్డవాడు కానక్కరలేదు. చాలాసార్లు నిజంగా అవసరంలోనే ఉంటాడు. అయినా బక్షీస్‌పత్రం రాయకు, మృత్యుపత్రం రాయి. బక్షీస్‌పత్రమంటే దానపత్రం, మృత్యుపత్రమంటే మన వీలునామాయే. దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, నీ కన్ను మూసేదాకా ఇల్లు నీదే. బక్షీస్‌పత్రం రిజిస్టరయిందంటే మాత్రం ఆ రోజే ఇల్లు చేయి మారుతుంది. మరుసటి రోజు నుంచి నీ మంచం ఎక్కడ వేయాలో చెప్పే హక్కు ఇంకొకరికి వస్తుంది.

రాయక తప్పని పరిస్థితే వస్తే, చివరిదాకా నన్ను చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలోనే అక్షరాలా రాయించు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఇందుకే ఉంది. షరతు తప్పితే ఆ దానాన్ని రద్దు చేయమని అడగవచ్చు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో సుప్రీంకోర్టు ఆ దానపత్రాన్ని కొట్టేసింది. ఈ చట్టాన్ని ముసలివాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పింది. అర్జీ ఇవ్వాల్సింది ప్రాంత్ అధికారి దగ్గరున్న ట్రిబ్యునల్‌కు. వకీలుకు పైసలు పోయనక్కరలేదు, నీ మాట నువ్వే చెప్పుకోవచ్చు. పోషణకు నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం ఆ చట్టంలోనే రాసి ఉంది.

అర్జీ పెడితే కొడుకు పరువు పోతుందని ఏడ్చే తల్లులను చూశాను. వాళ్లను తప్పుపట్టలేను. కానీ కాగితం నీ పేరు మీద ఉన్న ఇంట్లో ఆ అర్జీ అవసరమే చాలావరకు రాదు.

2. వెయ్యి రూపాయలను చిన్నచూపు చూడకు, వెయ్యితో సరిపెట్టుకోకు

బీడీ పనిలో పీఎఫ్ ఉంది. పదేళ్ల సర్వీసు నిండి, 58 ఏళ్లు దాటితే పెన్షన్ వస్తుంది. 2014లో కనీస పెన్షన్ నెలకు 1,000 అని పెట్టారు. ఆ తర్వాత బియ్యం ధర పెరిగింది, గ్యాస్ ధర పెరిగింది, మందుల ధర పెరిగింది, ఆ వెయ్యి మాత్రం కదలలేదు. అయినా నెలనెలా సొంత పాసుబుక్కులో పడే వెయ్యికి ఇంట్లో ఒక విలువుంది. మనవరాలికి పెన్ను కొనిచ్చే చేయి వేరు, పెన్ను కోసం కోడల్ని అడిగే నోరు వేరు.

మగ్గం మీద చేసినవాళ్ల గతి ఇంతకన్నా కష్టం. పీఎఫ్ చట్టం 20 మంది పనిచేసే చోట వర్తిస్తుంది. ఒకే షెడ్డును రెండు మూడు పేర్ల మీద విడగొట్టి చూపితే ఏ పేరు కిందా 20 మంది ఉండరు. అలా ముప్పై నలభై ఏళ్లు మరమగ్గం ముందు నిలబడ్డ మనిషి, మోకాళ్లు అరిగి ఇంటికి వచ్చిన నాడు చేతిలో ఒక చిట్టీ కూడా లేకుండా వస్తాడు. అలాంటివాళ్లకు మిగిలేది రాష్ట్రం ఇచ్చే శ్రావణ్‌బాళ్ యోజన పెన్షన్. 65 ఏళ్లు నిండాలి, మహారాష్ట్రలో 15 ఏళ్లు ఉన్నట్టు రుజువుండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 21,000 దాటకూడదు. 2023 నుంచి నెలకు 1,500 ఇస్తున్నారు. ఏడాదికి 21,000 అంటే రోజుకు 60 రూపాయలు కూడా కాదు. అంత తక్కువతో ఈ ఊళ్లో ఏ ఇల్లూ గడవదు. ఆ గీత పెంచమని అడగడం దయ కోరడం కాదు.

సిరిసిల్లలో ఉన్న మా చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా ఈ మాట వస్తుంది. తెలంగాణలో నేత కార్మికుడికి 50 ఏళ్లకే ఆసరా పెన్షన్ ఉంది. బీడీ కార్మికురాలికీ ఉంది. 2019 నుంచి అది 2,016. పని అదే, కులమదే, నడుం నొప్పి అదే. తాత ఏ ఊరి బండెక్కాడన్నదే తేడా. ఈ తేడా గురించి ఇక్కడి ప్రతినిధులను మనం నోరు తెరిచి అడగాలి.

3. పేరు అన్నిచోట్లా ఒకేలా రాయించు

బీడీ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొకటి, రేషన్ కార్డులో ఇంటిపేరు మరాఠీ వరసలో చివరికి. మన ఇంటిపేర్లు వాళ్ల చెవికి కొత్త, ఎవరికి ఎలా వినబడితే అలా రాశారు. పెన్షన్ ఆగేది అక్కడే. చేతులు ఆడుతున్నప్పుడే సరిచేయించుకో, డెబ్బై ఏళ్లకు ఆ కచేరీల చుట్టూ తిరగలేవు. ఇంకొక మాట. ఆకు, తంబాకు పట్టీపట్టీ వేలిముద్రలు అరిగి, బతికున్నట్టు ఏటా ఇవ్వాల్సిన హయాతీ దాఖలాకు అవి మిషన్ మీద పడకపోతే భయపడకు. ఇప్పుడు ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఫోన్‌లోనే ఉంది. చదువుకున్న మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకో.

4. కొత్త ఇంటికి వెళ్లేముందు దవాఖానా దూరం, మనుషుల దూరం కొలుచుకో

కుంభారిలో ఇప్పుడు ఇంకో పెద్ద వసతి లేచింది, రాయ్‌నగర్. అసంఘటిత కార్మికులకు 30,000 ఇళ్లు. 2019 జనవరిలో ప్రధాని మోదీ పునాది రాయి వేశారు, 2024 జనవరిలో మొదటి 15,000 ఇళ్లు ఆయనే అప్పగించారు. మగ్గం వాళ్లు, బీడీ వాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు, ఎందరో కిరాయి ఖోలీల నుంచి బయటపడ్డారు. అది చిన్న విషయం కాదు. నేను దాన్ని మనసారా మెచ్చుకుంటాను.

కానీ డెబ్బై దాటినవాళ్లు అక్కడికి మారేముందు ఆలోచించాలి. పేటలో ఆయాసం వస్తే పక్కింటి పిల్లవాడు రిక్షా పిలుస్తాడు. మార్కండేయ సహకార రుగ్ణాలయం గానీ సివిల్ దవాఖానా గానీ చేరడానికి ఎక్కువసేపు పట్టదు. కుంభారి అక్కల్‌కోట్ రోడ్డు మీద ఊరి బయట ఉంది. రాత్రి పదకొండు దాటాక వాహనం దొరకడమే ఒక పని. పైగా కుంభారి దక్షిణ సోలాపూర్ తాలూకా, పేటలు ఉత్తర సోలాపూర్. ఇల్లు మారితే రేషన్ దుకాణం మారాలి, పెన్షన్ ఫైలు తహసీల్ మారాలి. ఈ మార్పిడి పూర్తయ్యేలోపు డబ్బు ఆగిపోయి మా గడప తొక్కినవాళ్లు ఉన్నారు. కాబట్టి ముందు కాగితాలు మారనీ, తర్వాత సామాను కట్టు.

మేడ మీద ఇల్లు వచ్చిందా? కింది ఇల్లు వచ్చినవాళ్లతో మాట్లాడి, ఒప్పందం రాసుకుని, నువ్వు కింద ఉండే ఏర్పాటు చూసుకో. మెట్లు దిగలేని మనిషికి గుడి లేదు, బజారు లేదు, రాఖీ పున్నమినాటి మార్కండేయ రథం కూడా లేదు.

5. నీళ్లు

సోలాపూర్‌లో నల్లా రోజూ రాదు. కొన్ని రోజులకొకసారి, ఒక్కోసారి అర్ధరాత్రి. బిందెలు మోయలేని ఒంటరి ముసలమ్మకు ఇది పెన్షన్ కన్నా పెద్ద సమస్య. గల్లీలో ఒంటరిగా ఉన్నవాళ్ల నీళ్ల టాంకీ ముందు నింపి, తర్వాత మన బిందెలు పెట్టుకోవాలని మా గల్లీలో ఒక కట్టుబాటు చేసుకున్నాం. మీరూ చేసుకోండి.

6. కార్డు ఆపరేషన్‌కు వస్తుంది, ఆ తర్వాతి రోజులకు రాదు

70 నిండిన ప్రతివాళ్లకూ 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ కార్డు మీద 5 లక్షల దాకా వైద్యం ఉంది, ఆదాయం ఎంతన్నది చూడరు. రాష్ట్రానికి మహాత్మా ఫులే యోజన ఉంది. రెండూ తీసుకోండి. అయితే అవి దవాఖానాలో చేరినప్పటి ఖర్చుకు. రోజూ మింగే బీపీ గోలీకి, డైపర్‌కు, పక్షవాతం వచ్చిన మనిషిని ఒత్తిగిలించి పడుకోబెట్టే చేతులకు ఏ కార్డూ లేదు. చీటీ వేసేవాళ్లు ఒక చీటీ ఈ తర్వాతి రోజుల కోసమే వేయండి.

మగ్గం చప్పుడుకు చెవులు పోయినవాళ్లు, పత్తి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైనవాళ్లు మనలో ఎక్కువ. ఇంట్లోవాళ్లు చెవుడును చాదస్తం అనుకుంటారు. పిలిస్తే పలకడం లేదని కసురుకుంటారు. ముందు చెవి పరీక్ష చేయించండి. 65 దాటినవాళ్లకు ముఖ్యమంత్రి వయోశ్రీ యోజన కింద ఒకసారి 3,000 ఇచ్చేది వినికిడి మిషన్ లాంటి పరికరాల కోసమే.

7. దవాఖానాకు తెలుగు వచ్చినవాళ్లను తోడు పంపు

పక్షవాతం వచ్చాక ఒక పెద్దమ్మకు జీవితమంతా బజారులో మాట్లాడిన మరాఠీ పోయింది. తెలుగు ఒక్కటే మిగిలింది. మనవలకు అర్థమవుతుంది కానీ జవాబు మరాఠీలో ఇస్తారు. నర్సమ్మకు అసలే అర్థం కాదు. మంచినీళ్లు అడిగితే ఏదో గొణుగుతోందని వదిలేశారు. అప్పటి నుంచి ఎవరు అడ్మిట్ అయినా ఒక కాగితం మీద దప్పిక, నొప్పి, చలి, ఒంటికి పోవాలి అన్న మాటలు తెలుగులో ఎలా అంటారో మరాఠీ అక్షరాల్లో రాసి మంచానికి కడుతున్నాను. దీనికి ఖర్చేమీ లేదు.

8. పగటిపూట ముసలివాళ్ల దగ్గర ఎవరుంటారన్నది కోడలి ఒక్కదాని బాధ్యత కాదు

మా కాలంలో ముసలివాళ్లను మేం గొప్పగా చూసుకున్నామని చెప్పుకుంటాం. అందులో సగం ఘనత బీడీ పనిది. పని ఇంట్లోనే ఉండేది. అత్త మంచం పక్కనే చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ గంజి తాగించేవాళ్లం, చుడుతూ కబుర్లు చెప్పేవాళ్లం. చుట్టలేని అత్త కూడా దారం కట్టేది, కండెలు చుట్టేది. ఇంట్లో ఆమెకొక పని ఉండేది, పక్కన మనిషి ఉండేది.

ఇప్పటి కోడళ్లు బీడీ చుట్టం అంటున్నారు, మంచిదే. ఆ తంబాకు దగ్గు వాళ్లకెందుకు? స్కూల్ యూనిఫాంలు కుట్టే గార్మెంట్ యూనిట్లకు పోతున్నారు, దుకాణాలకు పోతున్నారు. కొడుకులు పుణేకో భివండీకో హైదరాబాద్‌కో పోయారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా పేటల్లో ఎన్నో ఇళ్లలో ఒక్క ముసలి మనిషే ఉంటుంది. బయట గొళ్లెం పెట్టి పోయే ఇళ్లూ నాకు తెలుసు. కోడల్ని పని మానమనడం దీనికి జవాబు కాదు, ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

ఎవరూ లేనివాళ్లు, మంచం దిగలేనివాళ్లు వృద్ధాశ్రమానికి వెళ్తే అందులో సిగ్గుపడాల్సింది లేదు. గొళ్లెం వెనక కన్నా నలుగురి మధ్య మేలు. జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మంది పేద వృద్ధులకు ప్రభుత్వం ఆశ్రమం పెట్టవచ్చని 2007 చట్టమే రాసింది. కానీ పేటల్లో ఎక్కువమందికి కావలసింది రాత్రికి పడక కాదు, వాళ్లకు ఇల్లుంది. పగలు పది గంటల తోడు కావాలి.

దానికి మన దగ్గర చోటుంది. మన సమాజం కట్టుకున్న కల్యాణ మండపాలు లగ్నాలు లేని రోజుల్లో తాళం వేసే ఉంటాయి. సోమవారం నుంచి శనివారం దాకా కింది హాలు తెరవాలి. పట్టుకుని లేవడానికి గోడ వెంట కడ్డీ, కూర్చునే మరుగుదొడ్డి, మధ్యాహ్నానికి మెత్తని అన్నం పప్పు, ఏప్రిల్ మే ఎండల్లో కూలర్, వారానికొకసారి బీపీ చూసే నర్సు. చూసుకోవడానికి బీడీ కార్ఖానా మూతపడి పని పోయిన నలభై యాభై ఏళ్ల చెల్లెళ్లున్నారు. వాళ్లకు తెలుగొచ్చు, ముసలివాళ్లతో మెలగడం వచ్చు. ధర్మానికి కాదు, నెల జీతం ఇచ్చి పెట్టుకోవాలి. ఆ జీతానికి, అన్నానికి ఇంటికింత అని చందా రాయిస్తే, రథోత్సవానికి ఇచ్చే చేతులు దీనికీ ఇస్తాయని నా నమ్మకం. ముందు ఒక పేటలో, ఒక హాలులో మొదలుపెడదాం. పేర్లు రాసే పుస్తకం నా దగ్గరుంది, తాళంచెవి ఇచ్చే పెద్దమనుషులు ముందుకు రావాలి.