కాంట్రాక్టు పని, పన్ను లెక్క: హలాల్ సంపాదన దృష్టిలో

హలాల్ ఉపాధిని అన్వేషించడం ప్రతి ముస్లింపై ఉన్న బాధ్యత. అయితే చేసే పని హలాల్ అయినంత మాత్రాన సరిపోదు. ఆ పని కోసం చేసుకునే ఒప్పందం, దాని గురించి మనం రాసిచ్చే లెక్క కూడా సత్యంగా ఉండాలి. ఈనాడు మన యువకుల్లో ఎందరో సాఫ్ట్‌వేర్, ఇంజనీరింగ్, డిజైనింగ్, అనువాదం వంటి పనులను కాంట్రాక్టు మీద చేస్తున్నారు. వారు తరచూ అడిగే ప్రశ్న ఇది: "హజ్రత్! కంపెనీవారు నన్ను ఉద్యోగిగా కాకుండా కన్సల్టెంట్‌గా సంతకం చేయమంటున్నారు. పన్ను తగ్గుతుందట. ఇది జాయిజేనా?"

పనివాడు రెండు రకాలు

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన మదర్సాలలో బోధించే 'హిదాయా' గ్రంథంలోని ఇజారా అధ్యాయంలో దీనికి మూలం ఉంది. కూలికి పనిచేసేవారిని ఫుఖహా రెండు రకాలుగా విభజించారు.

మొదటివాడు అజీరె ఖాస్. ఇతను తన సమయాన్ని ఒక్క యజమానికే అప్పగిస్తాడు. నెలకు కుదుర్చుకున్న గొర్రెల కాపరి ఇందుకు ఉదాహరణ. అతను పనికి సిద్ధంగా హాజరైతే చాలు, యజమాని పని చెప్పకపోయినా వేతనానికి హక్కుదారుడే.

రెండవవాడు అజీరె ముష్తరక్. దర్జీ, రంగులద్దేవాడు, చాకలి ఈ కోవకు చెందినవారు. వీరు పదిమందికీ పనిచేస్తారు. సమయానికి కాదు, పూర్తయిన పనికి ప్రతిఫలం తీసుకుంటారు. ఇతని చేతిలో పాడైన వస్తువుకు జవాబుదారీ ఎవరన్న విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఒక అభిప్రాయం, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మరో అభిప్రాయం వెలిబుచ్చారు. అంటే ఈ తేడా పేరులో మాత్రమే లేదు. హక్కులు, బాధ్యతలు రెండూ దీన్ని బట్టే మారతాయి.

పేరు కాదు, వాస్తవం ముఖ్యం

ఉస్మానియా సామ్రాజ్యంలో రూపొందిన 'మజల్లా' న్యాయసంహిత మూడవ సూత్రం ప్రకారం ఒప్పందాలలో చూడవలసింది ఉద్దేశాన్ని, భావాన్ని. వాడిన పదాలను కాదు. మన దేశ న్యాయస్థానాలదీ ఇదే బాట. 1973లో సుప్రీంకోర్టు సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి అక్కడికి చేరిన కేసు అది. దర్జీలకు కుట్టిన బట్టను బట్టే కూలి దొరికేది. కానీ మిషన్లు దుకాణానివి. కుట్టు నచ్చకపోతే తిప్పి కుట్టించే అధికారం యజమానిది. కనుక వారు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది.

కాబట్టి సంతకానికి ముందు మీరే ప్రశ్నించుకోండి. పనివేళలు ఎవరు నిర్ణయిస్తున్నారు? సెలవు ఎవరినడిగి తీసుకోవాలి? మరొకరి పని ఒప్పుకునే స్వేచ్ఛ ఉందా? కంప్యూటరు, పనిముట్లు ఎవరివి? అన్నీ కంపెనీ చేతిలోనే ఉంటే మీరు అజీరె ఖాస్. కాగితం మీద కన్సల్టెంట్ అని రాసినంత మాత్రాన వాస్తవం మారదు. ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయిపెట్టి చూస్తే లోపల తడి తగిలింది. పైన పొడి గింజలు, అడుగున తడి గింజలు పెట్టడాన్ని ఆయన (స) మోసంగా పరిగణించి తీవ్రంగా మందలించారు. పైన కన్సల్టెన్సీ, అడుగున ఉద్యోగం కూడా అటువంటిదే.

ఇందులో నష్టం ప్రభుత్వానికే కాదు. ఆ సంతకంతో ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, వేతనంతో కూడిన సెలవు వంటి హక్కులు మీ కుటుంబానికి దూరం కావచ్చు.

నిజంగా స్వతంత్రంగా పనిచేసేవారికి

మీరు నిజంగానే అజీరె ముష్తరక్ అయితే చట్టం మీకు సులువైన దారే చూపింది. ఒంటరిగా పనిచేసేవారికి కంపెనీ గానీ ఎల్ఎల్‌పీ గానీ పెట్టవలసిన అవసరం సాధారణంగా ఉండదు. సొంత పాన్ కార్డు, పనికోసం వేరుగా ఒక బ్యాంకు ఖాతా, వరుస సంఖ్యలతో బిల్లులు ఉంటే చాలు.

ఇంజనీరింగ్, వైద్యం, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా, సమాచార సాంకేతికత వంటి నిర్ణీత వృత్తులవారికి ఒక సౌకర్యం ఉంది. ఏడాది రాబడి 50 లక్షల రూపాయలలోపు ఉంటే (నగదు వసూళ్ళు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు) ఖర్చులన్నిటికీ పద్దు పుస్తకాలు చూపకుండా రాబడిలో కనీసం 50 శాతాన్ని ఆదాయంగా ప్రకటించవచ్చు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది 44ఏడీఏ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా తెచ్చిన 2025 చట్టంలోనూ ఈ పద్ధతిని ఉంచారు. ఇది చట్టమే ఇచ్చిన వెసులుబాటు కనుక వాడుకోవడంలో దోషం లేదు.

ఒక లెక్క చూద్దాం. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఒక ఇంజనీరుకు 12 లక్షల ఫీజు వచ్చింది. చెల్లించినవారు 10 శాతం చొప్పున 1,20,000 రూపాయలు టీడీఎస్‌గా మినహాయించారు. ఈ పద్ధతిలో అతని ఆదాయం 6 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కనుక అతను కట్టవలసిన పన్ను సున్నా. రిటర్ను దాఖలు చేస్తే ఆ 1,20,000 తిరిగి వస్తుంది. దాఖలు చేయకపోతే తన సొమ్మునే తాను వదులుకున్నట్టు.

మరో విషయం గమనించండి. అదే 12 లక్షలు జీతంగా వచ్చినా, 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, ఆ సంవత్సరానికి పన్ను సున్నాయే! అంటే ఉద్యోగాన్ని కన్సల్టెన్సీగా చూపి అతను మిగుల్చుకునేది ఏమీ లేదు. పోయేవి మాత్రం హక్కులు, సత్యసంధత.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. టీడీఎస్ పోగా కట్టవలసిన పన్ను 10,000 రూపాయలు, ఆపైన ఉంటే పై పద్ధతివారు దాన్ని మార్చి 15లోగా ముందస్తు పన్నుగా చెల్లించాలి.

తప్పించుకోవలసిన దారులు

కొందరు తమ ఫీజును భార్య పాన్ నంబరు మీద చూపిస్తారు. షరీఅత్‌లో భార్య ఆస్తి ఆమె సొంతం, భర్తది భర్తది. పని చేయని ఆమెను చేసినట్టు చూపితే ఆమెను కూడా అబద్ధంలో భాగస్వామిని చేసినట్టే. దొంగ బిల్లులు, బిల్లు లేని నగదు, అధికారికి లంచం కూడా ఇటువంటివే. లంచం ఇచ్చేవాణ్ణీ, పుచ్చుకునేవాణ్ణీ ప్రవక్త (స) శపించారని మరువరాదు.

"ఇది ఇస్లామీ ప్రభుత్వం కాదు కదా" అని కొందరంటారు. ఏ పన్ను న్యాయం, ఏది భారం అన్నది వేరే చర్చ. రిటర్ను చివర "ఇందులోని వివరాలు సత్యం" అని మనం ధ్రువీకరిస్తాం. ఆ మాట ఎవరికిచ్చినా మాటే. ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనే ఆదేశం ఉంది. హిజ్రత్ రాత్రి దైవప్రవక్త (స) తన ప్రాణం తీయజూసిన మక్కావాసుల అమానతులను సైతం తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (ర)ని అక్కడే ఉంచి వెళ్ళారు. శత్రువు సొమ్ము విషయంలోనే ఇంతటి నిజాయితీ చూపినవారి ఉమ్మత్ మనది.

పన్ను వేరు, జకాత్ వేరు

పన్ను కట్టినందువల్ల జకాత్ తీరిపోదు. పన్నుకు లెక్క ఏప్రిల్ నుండి మార్చి వరకు. జకాత్‌కు లెక్క చాంద్రమాన సంవత్సరం. పన్నుకోసం 50 శాతం ఆదాయమని ప్రకటించినా, జకాత్ రోజున చేతిలోనూ ఖాతాలోనూ ఉన్న మొత్తం సొమ్మును చూడాలి. అది నిసాబ్‌కు (వెండి లెక్కలో 612.36 గ్రాముల విలువకు) చేరితే రెండున్నర శాతం జకాత్ విధి. ఇదివరకే కట్టేసిన పన్ను మీ దగ్గర లేదు కనుక దానిపై జకాత్ లేదు. ఇంకా కట్టవలసి ఉన్నదాని గురించి మీ ఊరి ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోండి.

సోదరులారా! ఒప్పందాన్ని ఉన్నదున్నట్టుగా రాయించుకోండి. అప్పు వ్యవహారాన్ని రాసి ఉంచమని బోధించే ఆయతే (2:282) ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. వ్యవహారంలో స్పష్టతకు అల్లాహ్ ఎంత విలువనిచ్చాడో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మీరు అజీరె ఖాస్ అయితే ఉద్యోగిగానే సంతకం చేయండి, హక్కులు అడిగి తీసుకోండి. అజీరె ముష్తరక్ అయితే బిల్లు రాసి, రిటర్ను వేసి, నిశ్చింతగా నిద్రపోండి.

అల్లాహ్ మన ఇళ్ళలోకి హలాల్ ముద్దనే చేర్చుగాక! మన సంతకాలను సత్యానికి సాక్ష్యాలుగా ఉంచుగాక! ఆమీన్.